పియోరియాకి రమ్మంటున్నారు, వెళ్ళొచ్చా? ఆ ఊళ్ళో ఇంకా ఏమైనా మిగిలిందా?

బందరు_లడ్డు | సోమవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. నేనుండేది డాలస్ పక్కన ఇర్వింగ్‌లో. ఇల్లినాయ్ రాష్ట్రంలో పియోరియా అనే ఊళ్ళో రెండేళ్ళ ప్రాజెక్టు ఉంది, వచ్చే నెల పదిహేనుకల్లా చేరాలి అంటున్నారు. తమాషా ఏంటంటే, ఆ ఊరిని తొంభై ఏళ్ళు పోషించిన క్యాటర్‌పిల్లర్ అనే పెద్ద యంత్రాల కంపెనీ తన హెడ్డాఫీసుని 2022లో మా ఇర్వింగ్‌కే మార్చుకుంది. వాళ్ళు ఇటొచ్చారు, నన్నేమో అటు పొమ్మంటున్నారు!

మా ఆవిడ టెన్షన్ పడుతోంది. ఆరేళ్ళ పాప ఉంది. నెట్‌లో చూస్తే సగం మంది "అయిపోయిన ఊరు" అంటున్నారు, మిగతా సగం మంది ఇళ్ళు చవక అంటున్నారు. చవక అంటే నాకు ఇంకా భయం. అక్కడ ఉన్నవాళ్ళు, ఉండి వచ్చినవాళ్ళు కాస్త ఉన్నదున్నట్టు చెప్పండి.

ఇంకోటి, నవ్వకండి. క్యాటర్‌పిల్లర్ అంటే జేసీబీ లాంటిదే కదా?

షికాగో_చలి | సోమవారం, రాత్రి 9:31

మా షికాగో నుంచి నైరుతికి 165 మైళ్ళు. ముందు మొక్కజొన్న చేలు వస్తాయి, తర్వాత కూడా మొక్కజొన్న చేలే, తర్వాత పియోరియా, తర్వాత మళ్ళీ మొక్కజొన్న. ఆల్ ది బెస్ట్.

పియోరియా_పాతకాపు | సోమవారం, రాత్రి 11:05

చలి తమ్ముడూ, మధ్యలో సోయాబీన్ కూడా ఉంటుంది. సగం చేలు దానివే.

బందరు గారూ, నేను వై2కే (2000 సంవత్సరం వస్తే కంప్యూటర్లలో తేదీలు తప్పుతాయన్న) హడావిడిలో ఆర్నెల్ల పని అని వచ్చాను. ఇక్కడే ఇల్లు కొన్నాను, పిల్లలు ఇక్కడే చదివి వెళ్ళిపోయారు. కాబట్టి కాస్త పక్షపాతం ఉంటుంది, ఆ మేరకు తగ్గించి చదువుకోండి.

ముందు హెడ్డాఫీసు గొడవ. 2015లో క్యాట్ వాళ్ళు (ఇక్కడ అందరూ అలాగే అంటారు) డౌన్‌టౌన్‌లో నది ఒడ్డున కొత్త హెడ్డాఫీసు కడతామని బొమ్మలు కూడా చూపించారు. 2017 జనవరిలో, లేదు, పై స్థాయి వాళ్ళని షికాగో దగ్గరికి తీసుకెళ్ళిపోతున్నాం అన్నారు. డీర్‌ఫీల్డ్ వెళ్ళారు, ఐదేళ్ళకి అక్కణ్ణించి మీ ఊరొచ్చారు. ఆ జనవరి రోజు ఇక్కడ ఎలా ఉందంటే, పెళ్ళి సంబంధం ఖాయమై శుభలేఖలు అచ్చు వేయించాక అబ్బాయి తరఫు వాళ్ళు ఫోన్ చేసినట్టు ఉంది. సూపర్ మార్కెట్‌లో క్యాషియర్ దగ్గర్నుంచి మంగలి దాకా అదే మాట.

కానీ వెళ్ళింది కుర్చీలు. నదికి అవతల ఈస్ట్ పియోరియాలో గొలుసు చక్రాల బుల్డోజర్లు ఇప్పటికీ తయారవుతున్నాయి. మాస్‌విల్‌లో ఇంజన్లు, టెక్ సెంటర్ ఉన్నాయి. మేపుల్టన్‌లో ఫౌండ్రీ ఉంది. మన ఐటీ వాళ్ళకి దొరికే పని ఎక్కువగా మాస్‌విల్ వైపు, లేదా డౌన్‌టౌన్ ఆఫీసుల్లో.

జనాభా సంగతి: 1970లో దాదాపు 1,27,000. 2020 లెక్కల్లో 1,13,150. యాభై ఏళ్ళలో తగ్గింది, నిజమే. పక్క రాష్ట్రాల్లో ఫ్యాక్టరీ ఊళ్ళు కొన్ని సగానికి సగం ఖాళీ అయ్యాయి, వాటితో పోలిస్తే ఇది జలుబు. చుట్టుపక్కల ఊళ్ళన్నీ కలిపితే 4 లక్షల మంది.

క్యాట్ కొత్త హెడ్డాఫీసు కడదామనుకున్న చోటే ఒక పాత డిపార్ట్‌మెంట్ స్టోర్ భవనం ఉంది. దాన్ని బాగుచేసి ఓఎస్ఎఫ్ అనే ఆసుపత్రుల సంస్థ తన హెడ్డాఫీసు పెట్టుకుంది. 1877లో సన్యాసినులు మొదలుపెట్టిన ఆసుపత్రి అది. ఇప్పుడు ఈ ఊళ్ళో ఎవరింట్లో చూసినా ఒకరు క్యాట్, ఒకరు ఆసుపత్రి. మా ఇంట్లో కూడా అంతే.

గోదావరిఖని_గని | సోమవారం, రాత్రి 11:40

జేసీబీ ప్రశ్నకి నేను చెప్త. మా బాపు సింగరేణి ఓపెన్‌కాస్ట్‌ల డోజర్ ఆపరేటర్. మనకి పచ్చగ కనిపించే ప్రతి బండీ జేసీబీనే, లేకపోతే పొక్లెయిన్. రెండూ కంపెనీల పేర్లు, యంత్రాల పేర్లు కావు. జేసీబీ ఇంగ్లండు కంపెనీ. క్యాటర్‌పిల్లర్‌కి పేరు తెచ్చింది డోజర్. ముందు పెద్ద బ్లేడు, కింద టైర్లకు బదులు గొలుసు పట్టాలు. ఆ పట్టాల మీద పాకుతది కాబట్టే గొంగళిపురుగు అని పేరు. గది గోడ మీద బాపు అతికించుకున్న పాత డోజర్ క్యాలెండర్ ఇంకా గుర్తుంది నాకు. దేవుళ్ళ పటాల పక్కనే ఉండేది.

కంపెనీ పుట్టిందే పియోరియాలనట కదా?

పియోరియా_పాతకాపు | మంగళవారం, ఉదయం 6:50

గని తమ్ముడూ, పుట్టింది కాలిఫోర్నియాలో. స్టాక్టన్‌లో హోల్ట్ అనే కుటుంబం పెద్ద ఆవిరి ట్రాక్టర్లు చేసేది. అక్కడి డెల్టా నేల మెత్తన, చక్రాలు దిగబడిపోయేవి. మన లంక భూముల్లో ఎడ్లబండి దిగబడ్డట్టు అనుకో. అందుకని 1904లో చక్రాలు తీసేసి పట్టాలు వేసి చూశారు. ఇక్కడ ఈస్ట్ పియోరియాలో దివాలా తీసిన ఒక ట్రాక్టర్ ఫ్యాక్టరీ ఉంటే, 1909 ప్రాంతంలో హోల్ట్ వాళ్ళు కొన్నారు. ఆ బేరం కుదర్చడంలో ముఖ్యుడు మర్రే బేకర్. ఐ-74 హైవే మీద నది దాటే వంతెనకి ఆయన పేరే. రోజూ దాటతారు గానీ ఆయనెవరని ఎవరినడిగినా తెలియదు. 1925లో హోల్ట్, పోటీదారు బెస్ట్ కలిసిపోయి క్యాటర్‌పిల్లర్ అయ్యాయి. ఆ పసుపు రంగు కూడా 1931 నుంచే, అంతకు ముందు బూడిద రంగు.

ఇంకో వింత. గనుల్లో తిరిగే ఇంటంత డంపర్లు ఉంటాయే, క్యాట్ వాటిని పియోరియాలో చెయ్యదు, ఇదే రాష్ట్రంలో డికేటర్ అనే ఊళ్ళో చేస్తుంది. పియోరియా ఊళ్ళో అలాంటి డంపర్లు చేసేది జపాను కంపెనీ కొమాట్సు! ఆడమ్స్ స్ట్రీట్ మీద ప్లాంటు. అది మొదట లెటూర్నో అనే ఆయనది, చేతులు మారి మారి వాళ్ళకొచ్చింది. పోటీవాడు ఇంటి ముందే కొట్టు పెట్టుకున్నట్టు.

షిఫ్ట్_బి | మంగళవారం, మధ్యాహ్నం 12:20

పాతకాపు బాబాయ్ అన్నీ చెప్పారు గానీ సమ్మెలు దాటేశారు. ఈ ఊరిని అర్థం చేసుకోవాలంటే అవి తెలియాలి.

1982 అక్టోబర్‌లో యూఏడబ్ల్యూ అనే వాహన కార్మికుల యూనియన్ క్యాట్ మీద సమ్మెకి దిగింది, 205 రోజులు. అప్పుడే మాంద్యం కూడా వచ్చిపడింది, యంత్రాలు కొనేవాళ్ళు లేరు. సమ్మె ముగిసి గేటు తెరిచేసరికి చాలామందికి లోపల పని లేదు. 1991-92లో మళ్ళీ. ఐదు నెలలయ్యాక కంపెనీ, మీరు రాకపోతే మీ ఉద్యోగాలు వేరేవాళ్ళకి శాశ్వతంగా ఇచ్చేస్తాం అంది. యూనియన్ వెనక్కి తగ్గింది. 1994 జూన్‌లో మళ్ళీ మొదలై 17 నెలలు నడిచింది. కార్మికులు ఒప్పందం లేకుండానే పనిలోకి తిరిగొచ్చారు, ఒప్పందం కుదిరింది 1998లో. అమెరికా కార్మికోద్యమం ఎక్కడ నడుం విరిగిందంటే చాలామంది ఈ ఊరి పేరు చెబుతారు.

నేను కాంట్రాక్టరుగా ఓ కంపెనీలో (పేరు వద్దు) పనిచేసినప్పుడు పక్క సీటులో అరవై దాటిన ఆయన ఉండేవాడు. వాళ్ళ నాన్న సమ్మెలో, వాళ్ళ బాబాయ్ గేటు దగ్గర సమ్మె చేసేవాళ్ళ లైను దాటి లోపలికి పనికెళ్ళాడు. ఇరవై ఏళ్ళ పైచిలుకు థాంక్స్‌గివింగ్‌కి ఒకరింటికొకరు వెళ్ళలేదట. నాన్న పోయినప్పుడు బాబాయ్ వచ్చి చర్చి వెనక బెంచీలో కూర్చుని, ఎవరితో మాట్లాడకుండా వెళ్ళిపోయాడట. ఆ మాట చెబుతూ ఆయన తన లంచ్ బాక్సులో క్యారెట్ ముక్కలు ఒక్కొక్కటే వరసగా పేర్చుకుంటున్నాడు, తినడం లేదు. అప్పటిదాకా నాకు సమ్మె అంటే పేపర్లో వార్త.

అందుకని బందరు గారూ, ఇక్కడికొచ్చాక యూనియన్ మంచిదా కాదా అని భోజనాల దగ్గర కదపకండి.

షికాగో_చలి | మంగళవారం, సాయంత్రం 6:02

సరే, ఒక్క కంపెనీ ఊరు. ఆ కంపెనీ వెళ్ళిపోతోంది. నేనన్నది కూడా అదే కదా.

కుడితి_గోలెం | మంగళవారం, రాత్రి 8:48

చలి గారూ, ఒక్క కంపెనీ ఊరు అన్నదే తప్పు. ట్రాక్టర్ రాకముందు ఈ ఊరు బతికింది విస్కీ మీద. నా హ్యాండిల్ పేరు కూడా ఊరికే పెట్టుకోలేదు, చదవండి.

ఇక్కడ మొక్కజొన్న విరగపండుతుంది. నది ఉంది, చల్లని బావి నీళ్ళున్నాయి, పక్కనే బొగ్గు ఉంది. గింజలు రేవుకి మోసుకెళ్ళడం కన్నా సారాగా మార్చి పీపాల్లో పంపడం లాభం. 1837 నుంచి మద్యనిషేధం దాకా ఇక్కడ 73 డిస్టిలరీలు, 24 బీరు ఫ్యాక్టరీలు వచ్చిపోయాయని ఊరి చరిత్రలో రాసుకుంటారు. సారా మీద పన్ను దేశంలో ఏ జిల్లా కన్నా ఎక్కువ ఇక్కణ్ణించే వెళ్ళేదట. 1887లో డిస్టిలరీలన్నీ కలిసి ఒక ట్రస్టు పెట్టాయి, జనం దాన్ని విస్కీ ట్రస్టు అన్నారు. దాని అసలు పేరేంటో తెలుసా? సారా కాచేవాళ్ళ, పశువులు మేపేవాళ్ళ ట్రస్టు!

పశువులెందుకంటే, సారా కాచాక కాగు అడుగున మిగిలేది చిక్కటి కుడితి. పారబోస్తే నష్టం, అందుకే డిస్టిలరీల పక్కనే కొట్టాలు కట్టి వేలకొద్దీ పశువుల్ని దాంతో మేపేవాళ్ళు. మా అమ్మమ్మ బియ్యం కడిగిన నీళ్ళు, గంజి, కూరగాయల తొక్కలు అన్నీ గోలెంలో పోసేది. ఒక్క చుక్క మురిక్కాలవలో పోస్తే ఒప్పుకునేది కాదు. పియోరియా సారా సేట్లు, మా అమ్మమ్మ ఈ విషయంలో ఒకే మాట మీద ఉన్నారు.

నిషేధం పోయాక 1930ల్లో హైరమ్ వాకర్ వాళ్ళు ఇక్కడ కట్టిన డిస్టిలరీ అప్పట్లో ప్రపంచంలోకెల్లా పెద్దది. 1981లో మూతపడింది. తర్వాత ఏడీఎం అనే ధాన్యం కంపెనీ చేతికొచ్చి ఇథనాల్ తీశారు. 2021లో బయోయూర్జా అనే హ్యూస్టన్ కంపెనీ కొంది. ఇప్పటికీ అక్కడ మొక్కజొన్న లోపలికి, ఆల్కహాల్ బయటికి. మిగిలిన పిప్పి? ఇప్పటికీ పశువులకే.

బూజు_ఖర్బూజా | మంగళవారం, రాత్రి 10:15

కుడితి అన్నా, అసలు కుడితి నా దగ్గరుంది.

నేను మైక్రోబయాలజీ దాన్ని. యూనివర్సిటీ స్ట్రీట్ మీద అమెరికా వ్యవసాయ శాఖ ల్యాబ్ ఒకటుంది, బయటి నుంచి చూస్తే పాత గవర్నమెంట్ ఆఫీసులా ఉంటుంది. 1941 జూలైలో ఆక్స్‌ఫర్డ్ నుంచి ఫ్లోరీ, హీట్లీ అని ఇద్దరు అక్కడికొచ్చారు. వాళ్ళ దగ్గర పెన్సిలిన్ ఉంది గానీ బూజు నుంచి చెంచాడు తియ్యడానికి తలప్రాణం తోకకొస్తోంది. ఇంగ్లండ్ మీద బాంబులు పడుతున్నాయి, అక్కడ ఫ్యాక్టరీలు ఖాళీ లేవు.

పియోరియా ల్యాబ్ పనే మొక్కజొన్నతో ఇంకేం చెయ్యొచ్చో కనిపెట్టడం. స్టార్చ్ తియ్యడానికి మొక్కజొన్నలు నానబెట్టినప్పుడు మిగిలే నీళ్ళుంటాయి, చిక్కగా, పులుపు వాసనతో. అచ్చం కుడితే. ఎందుకూ పనికిరాదని పడేసే సరుకు. ఆ ల్యాబ్‌లో ఆండ్రూ మోయర్ దాంట్లో బూజు పెంచి చూశాడు. దిగుబడి ఎన్నో రెట్లు పెరిగింది. బూజుని పళ్ళేల్లో పైపైన కాకుండా పెద్ద ట్యాంకుల్లో ముంచి పెంచడం కూడా అక్కడ నడిచిన పనే. సారా పులియబెట్టే ఊరికి ట్యాంకుల గురించి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు మరి.

ఇంకా మంచి బూజు కావాలని నానా దేశాల మట్టి తెప్పించి వెతికారు. చివరికి 1943లో దొరికింది ఎక్కడ? పియోరియా పండ్ల మార్కెట్‌లో కుళ్ళిన ఒక ఖర్బూజా మీద. ఆ తర్వాత పెన్సిలిన్ తయారీ ఎక్కువగా ఆ బూజు సంతతి మీదే నడిచింది. మా అమ్మ ఫ్రిజ్‌లో బూజు పట్టిన పండు చూసి అరిచినప్పుడల్లా నేను ఈ కథ చెబుతాను. ఆవిడకి నోబెల్ అక్కర్లేదట, ఫ్రిజ్ కడిగితే చాలట.

ఐస్‌క్రీమ్ డబ్బా, సాస్ సీసా వెనక శాంథన్ గమ్ అని ఉంటుంది చూడండి, చిక్కదనానికి వేసేది. అదీ ఈ ల్యాబ్‌దే, ఆలీన్ జీన్స్ అనే ఆవిడ బృందం పని. యాంటీబయాటిక్స్ అంటే మనకి భీమవరం యల్లాప్రగడ సుబ్బారావు గారు గుర్తొస్తారు, అది న్యాయమే. కానీ ఈ ఊరిని కూడా ఒకసారి తలుచుకోండి.

షికాగో_చలి | మంగళవారం, రాత్రి 10:31

ఒప్పుకున్నా. ఖర్బూజాకి దండం.

సిక్కోలు_చిన్నది | బుధవారం, ఉదయం 8:10

నేను బ్రాడ్లీ యూనివర్సిటీలో ఎమ్మెస్ చేశాను. మీ పెద్దవాళ్ళంతా 1837 అంటున్నారు, నేను బస్సుల గురించి చెబుతా. కారు లేకపోతే కష్టం అక్కా, అన్నా. ఆదివారం సాయంత్రమైతే మరీను. రైలు లేదు. షికాగో వెళ్ళాలంటే ఎవరి కారైనా పట్టుకోవాలి. ఎయిర్‌పోర్టుకి ఇంటర్నేషనల్ అని పేరుంది, నేనైతే అక్కణ్ణించి వేరే దేశానికి విమానం చూడలేదు. కానీ పార్కింగ్ నుంచి గేటుకి పది నిమిషాలు. షికాగో ఓహేర్ ఎయిర్‌పోర్టులో నిలబడ్డప్పుడు దాని విలువ తెలుస్తుంది.

బ్రాడ్లీ పెట్టింది లిడియా మాస్ బ్రాడ్లీ అనే ఆవిడ, 1897లో. ఆరుగురు పిల్లలు పుట్టి ఆరుగురూ పోయారు, తర్వాత భర్త కూడా పోయాడు. ఆస్తి తానే చూసుకుని పెంచి, ఆ డబ్బుతో కాలేజీ పెట్టింది. మొదట్లో గడియారాలు బాగుచేసే చదువు కూడా ఉండేది. మొదటి సెమిస్టర్‌లో ఇంటి మీద బెంగతో ఏడ్చిన రోజుల్లో క్యాంపస్‌లో ఆవిడ విగ్రహం ముందు కూర్చునేదాన్ని. ఎందుకో తెలీదు.

ఇంకో మాట. దక్షిణం వైపు పేటల్ని ఎవరూ ప్రస్తావించలేదు. ఫ్యాక్టరీల పక్కన నల్లవాళ్ళు ఎక్కువగా ఉండే పేటలవి. అక్కడ సూపర్ మార్కెట్లు ఒక్కొక్కటే మూసేశారు. నేను వాలంటీర్‌గా వెళ్ళినప్పుడు ఒక ముసలావిడ రెండు బస్సులు మారి పాలు తెచ్చుకునేది. ఉత్తరాన డన్లప్‌లో ఉన్నవాళ్ళకి ఆ ఊరే వేరు. "పియోరియా బాగుంది" అంటే ఏ పియోరియా అని అడగాలి.

పియోరియా_పాతకాపు | బుధవారం, ఉదయం 9:25

చిన్నమ్మాయి చెప్పింది నిజం. నేను డన్లప్‌లో ఉండి మాట్లాడుతున్నాను, ఒప్పుకుంటున్నా. మనవాళ్ళు బడి చూసి ఉత్తరం వైపే చేరతారు, నేనూ అంతే. ఇరవై ఏళ్ళు పైన ఉండి, దక్షిణం వైపు పని మీద తప్ప వెళ్ళింది తక్కువ.

హాస్యనటుడు రిచర్డ్ ప్రయర్ పుట్టింది ఈ ఊళ్ళోనే, 1940లో. చాలాకాలం ఊరు ఆయన్ని దూరంగానే పెట్టింది. పోయిన పదేళ్ళకి విగ్రహం పెట్టింది.

షిఫ్ట్_బి | బుధవారం, మధ్యాహ్నం 12:40

ఆడవాళ్ళ హక్కుల గురించి అమెరికాని కదిలించిన బెట్టీ ఫ్రీడన్‌ది కూడా ఈ ఊరే. "ఇది పియోరియాలో ఆడుతుందా?" అని ఒక సామెత ఉంది ఇక్కడ. పాతకాలం నాటకాల కంపెనీలు, ఇక్కడి జనానికి నచ్చితే దేశమంతా నచ్చుతుంది అనుకునేవి. అంటే మామూలుతనానికి కొలబద్ద అన్నమాట. ఆ మామూలు ఊళ్ళో పుట్టినవాళ్ళేమో ప్రయర్, ఫ్రీడన్!

లింకన్ కథ కూడా చెప్పేస్తా. 1854 అక్టోబర్ 16న కోర్టు దగ్గర బానిసత్వం మీద సభ. ముందు లింకన్ ప్రత్యర్థి, సెనేటర్ డగ్లస్ మూడు గంటలు మాట్లాడాడు. సాయంత్రమైపోయింది. లింకన్ లేచి, నాకూ అంతే సేపు పడుతుంది, మీరు ఇళ్ళకెళ్ళి భోంచేసి రండి అన్నాడు. జనం నిజంగానే తిని తిరిగొచ్చారు! మన మీటింగుల్లో అయితే బిర్యానీ పొట్లం ముందే పంచాలి.

బందరు_లడ్డు | బుధవారం, రాత్రి 9:50

అబ్బో, నేను అద్దె గురించి అడిగితే లింకన్ దాకా వెళ్ళారు. చాలా థాంక్స్ అందరికీ. మా ఆవిడ కూడా చదువుతోంది, ఆ థాంక్స్‌గివింగ్ పోస్టు దగ్గర ఆగిపోయింది.

ఇప్పుడు చిన్న ప్రశ్నలు: ఇల్లు ఎక్కడ, బడి ఎలా, కరివేపాకు దొరుకుతుందా, టోర్నడోలు ఎంత నిజం, నది పొంగుతుందా?

పియోరియా_పాతకాపు | బుధవారం, రాత్రి 11:15

ముందు అద్దెకి దిగండి, కొనొద్దు. ఇళ్ళు చవకే, ఈ మధ్య టిక్‌టాక్‌లో చూసి వేరే రాష్ట్రాల నుంచి కూడా వచ్చి కొంటున్నారు. కానీ ఆస్తి పన్ను ఇంటి విలువలో ఏడాదికి 2 శాతం పైనే ఉంటుంది. టెక్సస్ నుంచి వస్తున్నారు కాబట్టి ఆ వాత మీకు అలవాటే. టెక్సస్‌లో లేని ఆదాయపన్ను మాత్రం ఇక్కడ రాష్ట్రానికి కూడా కట్టాలి.

కరివేపాకు దొరుకుతుంది. గోంగూర వేసవిలో ఎవరో ఒకరి పెరట్లో ఉంటుంది, గుళ్ళో అడగండి. గుడి ఉంది, శనివారాలు మనవాళ్ళే ఎక్కువ. నలభై మైళ్ళ దూరంలో బ్లూమింగ్టన్‌లో స్టేట్ ఫార్మ్ ఇన్సూరెన్స్ కంపెనీ ఉంది కదా, అక్కడ తెలుగువాళ్ళు ఇంకా ఎక్కువ. పెద్ద పండగలకి అటూ ఇటూ తిరుగుతుంటాం.

టోర్నడో నిజం. 2013 నవంబర్ 17, ఆదివారం పొద్దున. నదికి అవతల వాషింగ్టన్ అనే ఊళ్ళో పేటలకి పేటలు లేచిపోయాయి. నవంబర్‌లో వస్తుందని ఎవరూ అనుకోరు. బేస్‌మెంట్ ఉన్న ఇల్లు చూసుకోండి. నెలలో మొదటి మంగళవారం పొద్దున పది గంటలకి సైరన్ మోగుతుంది, అది పరీక్ష. మా అత్తగారు మొదటిసారి విని దేవుడి గదిలో దూరి గంటసేపు బయటికి రాలేదు.

నది గురించి కొంగ గారు చెప్పాలి. ఎక్కడున్నారు?

కైకలూరు_కొంగ | గురువారం, ఉదయం 7:30

ఉన్నా, ఉన్నా. చేపల వేళ వచ్చింది కదా.

ఇల్లినాయ్ నది ఊరి దగ్గర వెడల్పై చెరువులా నిలబడుతుంది, పియోరియా లేక్ అంటారు. చూడ్డానికి కొల్లేరంత ఠీవి, లోతు చూస్తే చాలాచోట్ల మనిషి నడుము దాటదు. చుట్టూ చేల మీంచి కొట్టుకొచ్చిన ఒండ్రు నిండిపోయింది. 2004లో ఆ ఒండ్రు తవ్వి, బార్జీల్లో (సరుకు మోసే బల్లపరుపు పడవల్లో) షికాగో పంపి, మూతపడ్డ ఉక్కు ఫ్యాక్టరీ స్థలం మీద పరిచారు, గడ్డి మొలవడానికి. చలి గారూ, మీ ఊరి పార్కు మా ఊరి బురద.

వరద: 2013 ఏప్రిల్‌లో 29.35 అడుగులు వచ్చింది, 1943 రికార్డు దాటింది. ఇక్కడ 18 అడుగులకే వరద అంటారు. ఊరు చాలా మటుకు మెట్ట మీద ఉంది కాబట్టి ఒడ్డున రోడ్లు, పాత గోదాములు తప్ప మునగవు. ఇళ్ళవాళ్ళు పైనుంచి చూస్తుంటారు. మెట్ట అంచున గ్రాండ్‌వ్యూ డ్రైవ్ అని రోడ్డుంది. 1910లో థియోడర్ రూజ్‌వెల్ట్ దాన్ని చూసి ప్రపంచంలోకెల్లా అందమైన రోడ్డు అన్నాడట. ఇక్కడి రేడియో స్టేషన్ డబ్ల్యూఎంబీడీ పేరులోని అక్షరాలు ఆ పొగడ్తవే (వరల్డ్స్ మోస్ట్ బ్యూటిఫుల్ డ్రైవ్).

మా గోదావరి, కృష్ణా వాళ్ళకి నచ్చేది మాత్రం లాకులు, అంటే నీటిమట్టం మార్చి పడవల్ని ఎక్కించి దించే తలుపుల గదులు. ఊరికి కాస్త దిగువన ఆనకట్ట. పదిహేను బార్జీలు మూడేసి వరసలుగా కట్టి వస్తాయి, మొక్కజొన్న, సోయా నింపుకుని న్యూ ఆర్లీన్స్ వైపు. లాకు పొడవు 600 అడుగులే, అందుకని సగం విప్పి ముందు పంపి, తర్వాత మిగతా సగం పంపి మళ్ళీ కట్టుకుంటారు. గంటన్నర చూశాను ఒకసారి. తాళ్ళు విప్పే కుర్రాడు బార్జీ అంచున నడుస్తూ సిగరెట్ వెలిగించుకున్నాడు, అటు పక్క నీళ్ళు సుడి తిరుగుతున్నాయి, నా గుండె నోట్లోకొచ్చింది. నీళ్ళు ఎక్కువున్నప్పుడు మన ధవళేశ్వరంలో గేట్లు పైకి ఎత్తుతాం. ఇక్కడ తలుపుల్ని నది అడుక్కి పడుకోబెట్టేస్తారు. బార్జీలు లాకులోకి రాకుండా వాటి మీంచే వెళ్ళిపోతాయి.

ఇక చేప. సిల్వర్ కార్ప్. చైనా చేప, దక్షిణాన చెరువుల్లోంచి తప్పించుకుని ఈ నది నిండా పిల్లలు పెట్టింది. మోటారు పడవ చప్పుడు వినగానే గుంపులుగా గాల్లోకి ఎగురుతాయి. ఐదు కేజీల చేప మొహానికి తగిలితే ఆసుపత్రే. అమెరికా వాళ్ళు ముళ్ళని తినరు. తినిపించాలని 2022లో రాష్ట్రం దానికి కోపీ అని కొత్త పేరు పెట్టింది. నాకు నవ్వాగలేదు. బొచ్చె, శీలావతి తిన్నవాడికి ముల్లు ఒక సమస్యా?

బతికున్నది మాత్రం ఇంటికి తేకూడదు, చట్టం ఒప్పుకోదు. చంపి ఐసులో పెట్టుకోవాలి.

సిక్కోలు_చిన్నది | గురువారం, ఉదయం 8:05

కొంగ గారి మాటలు నమ్మి నేనోసారి వండాను. ముల్లు సమస్యే.

బందరు_లడ్డు | రెండు నెలల తర్వాత, ఆదివారం, రాత్రి 8:30

బాకీ తీర్చుకుందామని వచ్చాను. మేము వచ్చేశాం. డన్లప్ వైపే అద్దెకి దిగాం, చిన్నది గారు తిట్టొద్దు. బేస్‌మెంట్ ఉంది. సైరన్ సంగతి మా ఆవిడకి చెప్పడం మర్చిపోయాను, మంగళవారం పదింటికి ఫోన్ వచ్చింది. ఆ సంభాషణ ఇక్కడ రాయలేను.

పాపని క్యాట్ విజిటర్స్ సెంటర్‌కి తీసుకెళ్ళాం. గనుల డంపర్ తొట్టిలోనే చిన్న సినిమా హాలు పెట్టారు. తొట్టిలో కూర్చుని సినిమా చూడ్డం ఏంటని నవ్వుకుంటూ వెళ్ళాను, సీటు అదురుతుంటే నోరు మూసుకున్నాను. పాప మాత్రం "దీన్ని చేసింది ఇక్కడ కాదు, డికేటర్‌లో" అని పక్కవాళ్ళకి చెప్పింది. ఈ చర్చ వాళ్ళమ్మ చదివి వినిపించిందట.

ఆఫీసులో ఒకాయన తన పడవలో నది మీదకి తీసుకెళ్ళాడు. కొంగ గారూ, మీ చేప ఎగిరింది. మూడు పడవలో పడ్డాయి, ఒకటి సరిగ్గా మా ఆవిడ ఒళ్ళో. ఆ అరుపు అవతల ఈస్ట్ పియోరియాకి వినపడి ఉంటుంది.

కైకలూరు_కొంగ | ఆదివారం, రాత్రి 8:41

పులుసు పెట్టారా?

బందరు_లడ్డు | ఆదివారం, రాత్రి 9:02

పెట్టాం. చింతపండు, మెంతులు, అన్నీ బాగా కుదిరాయి. ముళ్ళు ఏరుకునేసరికి అన్నం చల్లారిపోయింది.